సున్ అంటే నొప్పి లేదని కాదు

పోయినేడు అమ్మీకి మోకాలి ఆపరేషన్ అయింది. వెన్నులో సూదిమందు ఇచ్చి నడుము కింది భాగమంతా మొద్దుబరిపించారు. పూర్తి మత్తు ఇవ్వలేదు కాబట్టి ఆపరేషన్ అయినంతసేపూ హోష్‌లోనే ఉంది. బయటికి తెచ్చాక నేను దగ్గరికి పోగానే ఆమె అడిగిన మొదటి మాట ఇది: "బేటా, హాథ్ లగారైఁ సో మాలూమ్ హోరా థా, దర్ద్ నై హోరా థా. ఐసా కైసా?"

చెయ్యి పెట్టేది తెలుస్తున్నదట, గుంజేది తెలుస్తున్నదట, నొప్పి మాత్రం లేదట. ఇదెట్లా అని అడుగుతున్నది. "మందు మహిమ అమ్మీ" అని చెప్పి తప్పించుకున్నాను. ఆమె ఊరుకున్నది గానీ ఆ సవాల్ నన్ను వదల్లేదు. ఐదో జమాత్ దాటి చదవని అమ్మీ అడిగిన ఆ ముక్క మీద వెయ్యేళ్ల నుంచి ఆలిమ్‌లు, హకీంలు, డాక్టర్లు బహస్ చేస్తూనే ఉన్నారు. ఆ బహస్‌లో కొంత మన హైదరాబాద్‌లోనే నడిచింది. ఆ తారీఖ్ తెలుసుకుంటుంటే మా ఇంట్లో నేను చేసిన ఒక గల్తీ కూడా నాకు అర్థమైంది. దాని సంగతి చివర్లో చెప్తాను.

ఎహ్సాస్, ఇద్రాక్

సిద్దిపేటలో నేను చదివింది ఉర్దూ మీడియం. సైన్స్ కితాబ్‌లో హవాసె ఖమ్సా అని ఒక సబఖ్ ఉండేది. బాసిరా, సామియా, షామ్మా, జాయిఖా, లామిసా. చూపు, వినికిడి, వాసన, రుచి, స్పర్శ. తర్వాత డిగ్రీలో తెలుగు తీసుకున్నాక ఇవే పంచ జ్ఞానేంద్రియాలుగా కనపడ్డాయి. రెండు జబాన్లలోనూ లెక్క ఐదే. కానీ నొప్పి ఈ ఐదింట్లో ఎక్కడ ఉందో ఏ ఉస్తాద్ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇల్మె నఫ్సియాత్, అంటే మనోవిజ్ఞానం, ఇక్కడ రెండు మాటలను విడదీస్తుంది. ఒకటి ఎహ్సాస్. కంటికో, చెవికో, చర్మానికో చేరిన ఖబర్. తెలుగు పాఠ్యపుస్తకాల్లో దాన్ని సంవేదన అంటారు. రెండోది ఇద్రాక్. ఆ ఖబర్ విని మెదడు చేసుకునే అర్థం. తెలుగులో ప్రత్యక్షం.

రాత్రి కరెంటు పోయినప్పుడు గోడకు తగిలించిన షేర్వానీని చూసి ఎవరో నిలబడ్డారని పిల్లలు ఉలిక్కిపడతారు. కంటికి అందింది నల్లటి పొడుగాటి ఆకారం ఒక్కటే. అది ఎహ్సాస్. "మనిషి" అన్నది మనసు జోడించుకున్న మాట. అది ఇద్రాక్. కరెంటు వస్తే షేర్వానీ షేర్వానీగానే కనపడుతుంది. మారింది ఇద్రాక్. మనం "కళ్లారా చూశాను" అని ఖసమ్ తిని చెప్పే సంగతుల్లో కూడా సగం ఇట్లా మనసు కలిపినవే ఉంటాయి.

1888: ఒకే షహర్‌లో రెండు పనులు

ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ జమానా. 1888లో హైదరాబాద్‌లో రెండు పనులు మొదలయ్యాయి. ఒకదానికొకటి సంబంధం లేనట్టే కనపడతాయి.

మొదటిది దాయిరతుల్ మఆరిఫ్. ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, ముల్లా అబ్దుల్ ఖయ్యూమ్, మౌలానా అన్వారుల్లా ఫారూఖీ లాంటి పెద్దలు కలిసి పెట్టిన సంస్థ. దుమ్ము పట్టిన అరబీ చేతిరాత కితాబులను వెతికి, సరిచూసి, అచ్చు వేయడం దాని పని. ఇప్పటికీ ఉస్మానియా యూనివర్సిటీ ఆవరణలో ఉంది. రెండోది క్లోరోఫాం కమిషన్. మత్తుమందు మనిషి ప్రాణాన్ని ఏ దారిలో తీస్తుందో తేల్చడం దాని పని.

ఒకటి ఎహ్సాస్ మీద పాత ఇల్మ్‌ను బతికించింది. ఇంకోటి ఎహ్సాస్‌ను మందుతో ఆర్పి చూసింది. రెండూ ఒకే షహర్‌లో, ఒకే సంవత్సరంలో మొదలైనవే.

ఇబ్నుల్ హైసమ్ చెప్పింది

దాయిరతుల్ మఆరిఫ్ 1928–30 మధ్య రెండు జిల్దుల్లో ఒక కితాబ్ అచ్చు వేసింది. పేరు తన్‌ఖీహుల్ మనాజిర్. రాసింది కమాలుద్దీన్ ఫారిసీ. అది ఇబ్నుల్ హైసమ్ రాసిన కితాబుల్ మనాజిర్ మీద వ్యాఖ్యానం. హిజ్రీ 1357లో ఇబ్నుల్ హైసమ్ చిన్న రిసాలాలను కూడా కలిపి ఇక్కడే అచ్చు వేశారు.

ఇబ్నుల్ హైసమ్ 965 ప్రాంతంలో బస్రాలో పుట్టి, 1040 ప్రాంతంలో ఖాహిరాలో చనిపోయారు. అప్పటిదాకా చాలామంది పెద్దలు కంటి నుంచే ఒక కిరణం బయలుదేరి వస్తువును తాకుతుందని నమ్మేవాళ్లు. కాదు, వెలుతురే వస్తువు మీద పడి కంటికి చేరుతుందని ఆయన దలీల్‌తో, తజుర్బాతో చూపించారు. ఆయన పేరు చెప్పగానే అందరూ చెప్పేది ఇదే. నాకు దీనికంటే పెద్దగా అనిపించేది ఇంకొకటుంది.

కన్ను ఒంటరిగా గ్రహించేది వెలుతురునూ రంగునూ మాత్రమే అన్నారాయన. దూరం, పరిమాణం, ఆకారం, కదలిక, చివరికి అందం, ఇవన్నీ కంటికి నేరుగా అందవు. పాత జ్ఞాపకంతో పోల్చి, ఖియాస్ చేసి మనసు తేల్చుకుంటుంది. ఖియాస్ అంటే మన ఇళ్లలో ఫిఖహ్ చదివినవాళ్లకు తెలిసిందే. తెలిసినదాన్ని ఆధారం చేసుకుని తెలియనిదాన్ని నిర్ణయించడం. చూపులో ఈ ఖియాస్ ఎంత తొందరగా జరుగుతుందంటే, జరిగిందన్న సంగతి కూడా మనకు తెలియదు. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత 19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ దాదాపు ఇదే మాట చెప్పారు. మనకు తెలియకుండానే మనసు చేసే అనుమానమే ఇద్రాక్ అన్నారు.

అయితే "అంతా మనవాళ్లే కనిపెట్టారు" అని వాట్సాప్‌లో తిప్పే మెసేజ్‌లకు ఇది పనికిరాదు. ఇబ్నుల్ హైసమ్ ఒకచోట తప్పారు. కంటిలో ఎహ్సాస్ మొదలయ్యేది ముందున్న స్ఫటికంలాంటి భాగంలో అనుకున్నారు. బొమ్మ పడేది వెనక ఉన్న రెటీనా మీద అని 1604లో కెప్లర్ తేల్చారు. దాంతో ఆయన ఘనత తగ్గిపోదు. బత్లమీయూస్ లాంటి మహాపండితుడి రాతల మీదే షుకూక్, అంటే సందేహాలు, అని ఒక కితాబ్ రాసిన మనిషి ఆయన. తన మీద సందేహం వస్తే ఆయనకు కోపం రాదనుకుంటాను.

నిజాం డబ్బు, లారీ దావా

ఇక రెండో పని. 1847 నవంబర్‌లో ఎడిన్‌బరోలో సింప్సన్ అనే డాక్టర్ క్లోరోఫాంను వాడకంలోకి తెచ్చాడు. మత్తుమందులు రాకముందు ఆపరేషన్ అంటే నలుగురు పట్టుకుంటే ఒకరు కోయడమే. క్లోరోఫాంతో మరీజ్ నిద్రపోతాడు, ఎహ్సాస్ ఉండదు. దునియా అంతా సంబరపడింది. కానీ మూడు నెలలు తిరక్కుండానే, 1848 జనవరిలో, ఇంగ్లాండ్‌లోని న్యూకాసిల్ దగ్గర హనా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల క్లోరోఫాం పట్టిన కొన్ని నిమిషాల్లోనే చనిపోయింది. అది పెద్ద ఆపరేషన్ కూడా కాదు. కాలి బొటనవేలి గోరు తీయడానికి పడుకోబెట్టారు. భయంతో ఏడుస్తూ పడుకున్న పిల్ల.

క్లోరోఫాం ముందు దేన్ని ఆపుతుంది, గుండెనా, ఊపిరినా? లండన్ డాక్టర్లలో చాలామంది గుండె అన్నారు, నాడి పట్టుకుని కూర్చోమన్నారు. ఎడిన్‌బరో డాక్టర్లు ఊపిరి అన్నారు, ఛాతీని చూడమన్నారు. నలభై ఏళ్లు తెగలేదు.

ఎడిన్‌బరోలో సైమ్ అనే సర్జన్ దగ్గర చదివిన ఎడ్వర్డ్ లారీ 1885లో హైదరాబాద్‌కు రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చాడు. హైదరాబాద్ మెడికల్ స్కూల్ కూడా ఆయన చేతిలోకి వచ్చింది. 1846లో మొదలైనప్పుడు ఆ స్కూల్లో డాక్టరీ చెప్పింది ఉర్దూలో. లారీ అక్కడ ఆడపిల్లలను కూడా చేర్చుకున్నాడు. వాళ్లలో ఒకరు రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్శీ యువతి. 1889లో ఆమె చేతికొచ్చిన సనద్ పేరు "హకీం". అఫ్జల్‌గంజ్ దవాఖానాలో మరీజులకు క్లోరోఫాం ఇచ్చేది. ప్రపంచంలో మొదటి మహిళా మత్తుమందు డాక్టర్ ఆమేనని చాలామంది చరిత్రకారులు చెప్తారు. ఇంత పెద్ద మాట మన స్కూలు కితాబుల్లో ఎక్కడా కనపడదు.

1888లో లారీ పెట్టిన మొదటి కమిషన్ కుక్కల మీద తజుర్బాలు చేసి, ఊపిరి ముందు ఆగుతుంది, గుండె తర్వాత ఆగుతుంది అని తేల్చింది. లండన్‌లోని లాన్సెట్ పత్రిక నమ్మలేదు. అప్పుడు నిజాం సర్కార్ వెయ్యి పౌండ్లు ఇస్తాం, మీ మనిషినే పంపండి, మీ కళ్లతోనే చూసుకోండి అన్నది. లాన్సెట్ తరఫున లాడర్ బ్రంటన్ అనే పేరున్న డాక్టర్ వచ్చాడు. ఆయన స్వయంగా గుండె వైపు మొగ్గిన మనిషి. 1889 అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా రెండో కమిషన్ పని నడిచింది. కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు, వందల జంతువుల మీద తజుర్బాలు. రక్తపోటును, ఊపిరిని తిరిగే డ్రమ్ము మీద గీతలుగా గీయించి చూశారు. చివరికి బ్రంటన్ కూడా లారీ వైపు వచ్చాడు. 1890లో లాన్సెట్ ఆ నివేదికను అచ్చు వేసింది.

వాళ్లు చెప్పిన కాయిదాలు సాదాగా ఉంటాయి. మందు ఇచ్చేవాడి చూపంతా ఊపిరి మీదే ఉండాలి. మరీజ్ పూర్తిగా మత్తులోకి పోనిదే కత్తి పెట్టొద్దు, భయంతోనో దెబ్బ తాకిడితోనో ప్రాణం పోవచ్చు. మత్తు పట్టిందా లేదా తెలియాలంటే వేలికొసతో కంటిగుడ్డును తాకి చూడాలి. రెప్ప కొట్టుకోకపోతే ఎహ్సాస్ పోయినట్టు.

సగం గెలుపు

కానీ హైదరాబాద్ మాట చివరిమాట కాలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ అనే డాక్టర్ పిల్లుల మీద తజుర్బా చేసి ఇంకో సంగతి బయటపెట్టాడు. క్లోరోఫాం తక్కువగా పట్టి, మత్తు సగంలో ఉన్నప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరిగితే గుండె లయ తప్పి ఒక్కసారిగా ఆగిపోతుంది. అడ్రినలిన్ అంటే భయపడ్డప్పుడు ఒంట్లో ఊరే రసం. అంటే ఊపిరి బాగున్నా గుండె ముందు ఆగవచ్చు. గుండెకు ఎప్పుడూ ప్రమాదం లేదన్న లారీ దావా అక్కడ పడిపోయింది. అయితే సగం మత్తులో కత్తి పెట్టొద్దు, భయపడుతున్న మనిషిని కోయొద్దు అన్న కాయిదా సరైనదేనని అదే తజుర్బా చూపించింది. జవాబ్ సగం తప్పు, జాగ్రత్త మాత్రం సరైనదే.

డ్రమ్ము మీద ఊపిరి గీతలు పడ్డాయి, రక్తపోటు గీతలు పడ్డాయి. నొప్పికి గీత లేదు. కుక్క చెప్పలేదు. కంటి రెప్ప కొట్టుకుందా లేదా అనేది బయటి నిషానీ మాత్రమే. లోపలి దర్ద్‌ను కొలిచే యంత్రం అప్పుడు లేదు, ఈరోజుకు కూడా లేదు. అది తెలియాలంటే మనిషినే అడగాలి, మనిషే చెప్పాలి. మనిషి చెప్పేది తన జబాన్‌లోనే.

పదిహేను రకాల దర్ద్

ఈ సంగతి ఇబ్ను సీనాకు తెలుసు. 1037లో చనిపోయిన ఆయన అల్ ఖానూన్‌లో నొప్పిని ఒక్క ముక్కలో తేల్చలేదు. పదిహేను రకాలుగా విడదీశారు. పొడిచే నొప్పి, తొలిచే నొప్పి, గుంజే నొప్పి, నొక్కే నొప్పి, కొట్టుకునే నొప్పి, బరువైన నొప్పి, అలసట నొప్పి, ఇట్లా. హకీం మరీజ్ మాట వినాలి, ఏ రకమో పోల్చుకోవాలి, అప్పుడు సబబ్ వెతకాలి. ఆ పదిహేనింట్లో ఒకటి "ఖదిర్". మొద్దుబారిన నొప్పి. మన ఇళ్లలో "సున్" అనేది అదే.

20వ శతాబ్దంలో పశ్చిమ దేశాల డాక్టర్లు మళ్లీ ఇక్కడికే వచ్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో బీచర్ అనే అమెరికన్ డాక్టర్ ఘోరంగా గాయపడ్డ సిపాయిల్లో చాలామంది నొప్పి మందు అడగకపోవడం చూసి హైరాన్ అయ్యాడు. యుద్ధం నుంచి బతికి బయటపడ్డామన్న ఇత్మీనాన్ వాళ్ల దర్ద్‌ను తగ్గించిందని ఆయన అనుకున్నాడు. గాయం ఎంతో దర్ద్ అంతే అనేది నిజం కాదు. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు వెన్నుపాములో ఒక దర్వాజా లాంటిది ఉందని ప్రతిపాదించారు. స్పర్శ ఖబర్లు, మెదడు పంపే హుకుంలు ఆ దర్వాజాను తెరుస్తాయి, మూస్తాయి. దెబ్బ తగిలినచోట మనం వెంటనే రుద్దుకోవడం ఎందుకు హాయిగా ఉంటుందో దీంతో తెలుస్తుంది. 1975లో మెల్జాక్ నొప్పిని వర్ణించే మాటల పట్టిక ఒకటి తయారుచేశాడు. మరీజ్ అందులోంచి తన నొప్పికి తగిన మాట ఎంచుకోవాలి. ఇబ్ను సీనా పట్టిక పెట్టిన తొమ్మిది వందల ఏళ్లకు ఇంకో పట్టిక వచ్చింది.

అమ్మీ సవాల్‌కు జవాబ్ కూడా ఇక్కడే దొరికింది. నొప్పి ఖబర్ మోసే నరాలు ఎక్కువగా సన్నటివి. స్పర్శ, ఒత్తిడి మోసేవి లావుగా ఉంటాయి. వెన్నులో ఇచ్చిన మందు సన్నటివాటిని తొందరగా, గట్టిగా ఆపుతుంది. లావువాటిలో కొంత ఖబర్ దాటిపోవచ్చు. అందుకే చెయ్యి పెట్టింది తెలిసింది, కత్తి పెట్టిన దర్ద్ తెలియలేదు. ఇప్పుడు అమ్మీకి చెప్పాను. "అచ్ఛా, రాస్తే అలగ్ అలగ్ హైఁ" అన్నది. దారులే వేరన్నమాట. నా కంటే ఆమే బాగా చెప్పింది.

జబాన్ ఎవరిది?

1917 ఫర్మాన్‌తో ఉస్మానియా వచ్చింది. దారుల్ తర్జుమా పెట్టి మౌల్వీ అబ్దుల్ హఖ్ లాంటి పెద్దల చేతుల మీదుగా ప్రపంచ ఇల్మ్‌ను ఉర్దూలోకి దించారు. ఎహ్సాస్, ఇద్రాక్, నఫ్సియాత్, ఈ అల్ఫాజ్‌తో క్లాసులు నడిచాయి. ఇద్రాక్ మీదే తన ఫల్సఫా అంతా నిలబెట్టిన బర్క్‌లీని మౌలానా అబ్దుల్ బారీ నద్వీ ఉర్దూలోకి తెచ్చారు. డాక్టరీ కూడా ఉర్దూలోనే చదివారు. 1948 తర్వాత అదంతా ఇంగ్లిష్‌లోకి మారిపోయింది. ఆ జమానా తలుచుకుంటే ఉర్దూ మీడియంలో చదివిన నాబోటి వాళ్లకు గుండె బరువెక్కుతుంది.

కానీ ఇన్సాఫ్‌గా మాట్లాడుకోవాలి. నిజాం రాజ్యంలో ఎక్కువమంది మాదరీ జబాన్ ఉర్దూ కాదు. తెలుగు, మరాఠీ, కన్నడ. మెదక్ జిల్లా సిద్దిపేట నుంచి హైదరాబాద్ దవాఖానాకు పోయిన ఒక తెలుగు రైతమ్మ "కాళ్లు తీపులు పెడుతున్నయ్ దొరా" అంటే, "దర్ద్" అని రాసుకున్న డాక్టర్‌కు ఆ తీపులు ఏం అర్థమై ఉంటాయి? ఈరోజు ఇంగ్లిష్ ముందు మా అమ్మీ ఎట్లా నిలబడిందో, ఆరోజు ఉర్దూ ముందు ఆ రైతమ్మ అట్లాగే నిలబడింది. మన జబాన్ పోయిందని బాధపడే హఖ్ మనకు ఉంది. ఆ బాధ మనకొక్కరికే అనుకునే హఖ్ లేదు.

నా గల్తీ

ఇప్పుడు అబ్బా సంగతి. చాలా ఏళ్ల కింద అబ్బాకు షుగర్ ఉండేది. ఒక దవాఖానాకు నేనే తీసుకుపోయాను. డాక్టర్ సాబ్ తెలుగులో అడిగారు, కాళ్లల్లో నొప్పి ఉందా అని. అబ్బా నా వైపు తిరిగి "పావాఁ సున్ హోరైఁ" అన్నారు. నేను పేపర్ పనిలో రోజూ తర్జుమాలు చేసేవాణ్ని. ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "నొప్పేం లేదంట సార్" అని చెప్పాను. ఆయన అదే రాసుకున్నారు.

షుగర్ ఉన్న మనిషికి పాదాలు సున్ కావడం నరాలు దెబ్బతింటున్నాయన్న ఖబర్. నొప్పి లేకపోవడమే అక్కడ ప్రమాదం. కొన్ని నెలల తర్వాత చెప్పులోంచి ఒక మేకు గుచ్చుకుంటే అబ్బాకు తెలియనే లేదు. రెండు రోజులు అట్లాగే మస్జిద్‌కు పోయి వచ్చారు. వజూ చేసేటప్పుడు నీళ్లల్లో రక్తం చూసిన పక్కాయన చెప్తే తెలిసింది. బొటనవేలు తీసేయాల్సి వచ్చింది. అబ్బా నన్ను ఒక్క మాట అనలేదు. ఆయనకు నా తర్జుమా సంగతి తెలియదు కూడా.

వెయ్యేళ్ల కింద ఇబ్ను సీనా సున్‌ను నొప్పుల పట్టికలో రాశారు. రెండు జబాన్లు చదువుకున్న నేను దాన్ని నొప్పి లేకపోవడంగా తర్జుమా చేశాను.

అందుకే ఒక మనవి. మన ఇళ్లలో పెద్దవాళ్లను దవాఖానాకు తీసుకుపోయేది ఎక్కువగా కొడుకులు, కూతుళ్లు, మనవరాళ్లు. మాట చేరవేసేది మనమే. టీస్ అంటే సలుపు. చుభన్ అంటే గుచ్చినట్టు. జలన్ అంటే మంట. మరోడ్ అంటే మెలిపెట్టినట్టు. ఖించావ్ అంటే గుంజినట్టు. ఝిన్‌ఝినీ అంటే చీమలు పాకినట్టు తిమ్మిరి. సున్ అంటే మొద్దుబారడం. ఇవన్నీ కలిపి "నొప్పి" అని ఒక్క మాటలో కట్టి ఇవ్వకండి. వాళ్లు ఏ మాట అంటే ఆ మాటే చెప్పండి, దానికి తగ్గ తెలుగు మాట పక్కన పెట్టండి. తెలియకపోతే చేత్తో చూపించమని అడగండి. షుగర్ ఉన్నవాళ్ల పాదాలను రోజూ కళ్లతో చూడండి, అరికాళ్లు కూడా. వాళ్లకు తెలియనిది మీ కంటికి తెలుస్తుంది.

సిద్దిపేటలో 2018 నుంచి సర్కారీ మెడికల్ కాలేజీ నడుస్తున్నది. అక్కడ ఇంగ్లిష్‌లో చదివే పిల్లలు రేపు మన అమ్మీల కాళ్లు చూస్తారు. ఈ పట్టిక వాళ్ల చేతికి కూడా చేరితే మంచిది. నేను, అమ్మీ కూర్చుని రాయడం మొదలుపెట్టాం. ఇప్పటికి ముప్పై ఒక్క మాటలు అయ్యాయి. మీ ఇంట్లో నానీ, దాదీ వాడే మాట ఏదైనా ఇందులో లేకపోతే రాసి పంపండి. మొదటి వరుసలో "సున్" అని రాశాం. పక్కన అమ్మీ రాయించిన తెలుగు మాట: "ఉన్నది గానీ తెలుస్తలేదు."